గుర్రాలు లెక్కపెట్టి చూపించేవాడికి కారు తాళం ఇవ్వకండి

ఆఫీసులో ఒక్క లైను కోడ్ మార్చాలంటే మనం చేసే హడావిడి అందరికీ తెలిసిందే. రివ్యూ కావాలి, టెస్ట్ సర్వర్ మీద నడిపి చూడాలి, బ్యాకప్ ఉండాలి. రోల్‌బ్యాక్ ప్లాన్ లేకపోతే శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్ వైపు కన్నెత్తి చూడనివ్వరు. ఇన్ని జాగ్రత్తలు నేర్చిన మనవాళ్ళే శనివారం పొద్దున్నే పదిహేను లక్షల కారు తీసుకెళ్ళి, ముక్కూ మొహం తెలియనివాడి చేతిలో తాళం పెట్టి, దాని ఈసీయూలో ఉన్న సాఫ్ట్‌వేర్ మార్చెయ్యమంటారు. అడిగే ప్రశ్న కూడా ఒక్కటే. "ఎంత పెరుగుద్ది భయ్యా?"

అవతలివాడు కూడా ఒక్కటే జవాబు చెప్తాడు. "అన్నా, బండి రాకెట్ అయితది." అయిపోయింది, బేరం కుదిరింది!

ముందే చెప్పేస్తున్నాను, నేను రీమ్యాప్‌కి వ్యతిరేకిని కాదు. "కంపెనీవాడు ఇచ్చింది ముట్టుకోకూడదు" అనే పెద్దమనుషుల పాట నాకూ విసుగే. నా గొడవల్లా మనం షాపుని ఎంచుకునే పద్ధతితోనే. ఇల్లు కొనేటప్పుడు ముప్ఫయ్యేళ్ళ లింకు డాక్యుమెంట్లు అడిగేవాళ్ళం, ఇక్కడ మాత్రం ఒక అంకె చూసి పడిపోతున్నాం.

అసలు రీమ్యాప్ అంటే ఏం కొంటున్నామో ముందు చూద్దాం. టర్బో ఇంజిన్ చేసినవాడికి దాన్నుంచి ఇంకొంచెం పిండొచ్చని తెలియదా? బాగా తెలుసు. అయినా కొంత వదిలిపెడతాడు. ఎందుకంటే ఆ కారు మే నెల విజయవాడ ఎండలో ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో నిలబడాలి, నలుగురిని ఎక్కించుకుని శ్రీశైలం ఘాట్ ఎక్కాలి, ఏ ఊరి బంకులో ఏ పెట్రోలు పోసినా మింగాలి, యజమాని సర్వీసు ఎగ్గొట్టినా కొన్నాళ్ళు ఓర్చుకోవాలి. ఆ మిగులు వాటికోసం. కాబట్టి ట్యూనర్ మీకు కొత్తగా శక్తేమీ తయారుచేసి అమ్మట్లేదు. మీ ఇంజిన్‌కి ఉన్న రక్షణలోంచి కొంత తీసి మీకే అమ్ముతున్నాడు. అలాంటప్పుడు తెలుసుకోవాల్సింది ఎంత పెరుగుతుందని కాదు. ఎంత తీస్తున్నాడో, ఎంత మిగులుస్తున్నాడో, ఆ సంగతి వాడికైనా తెలుసో లేదో!

ఇహ ఆ అంకె సంగతి. డైనో మీద వచ్చిన గ్రాఫు ఫ్రేము కట్టి గోడకి తగిలిస్తారు, దేవుడి పటంలాగా. చక్రాల దగ్గర కొలిచిందా, ఇంజిన్ దగ్గర ఎంతుంటుందో ఊహించి కలిపిందా? ఈ రెంటి మధ్య తేడా ఎంత శాతమన్నది షాపువాడి ఇష్టం. రోలరు రకాన్ని బట్టి అంకె మారుతుంది, గేరుని బట్టి మారుతుంది, బానెట్ ముందు పెట్టిన ఫ్యాను సైజుని బట్టి కూడా మారుతుంది. పైగా వాతావరణాన్ని సరిచేసే కరెక్షన్ ఫ్యాక్టర్ ఒకటుంది. బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి గాలి పలచన అని ఫ్యాక్టరు కలుపుతారు. టర్బో ఆ లోటుని చాలావరకు తనే పూడ్చుకుంటుంది, అయినా కలుపుతారు. కలిపితే కనిపించేది కాగితం మీద గుర్రాలే, రోడ్డు మీద కాదు.

అంచేత ఒంటరి అంకెకి విలువ లేదు. అదే రోజు, అదే రోలర్ల మీద, అదే గేరులో, అదే పెట్రోలుతో ముందొకటి తర్వాతొకటి కొలిస్తే ఆ తేడాకి విలువుంది. "ముందు రన్ అక్కర్లేదు సార్, స్టాక్‌లో ఎంతుంటుందో మాకు తెలుసు" అన్నవాడి దగ్గర్నుంచి వెంటనే బయటికొచ్చేయండి.

ఒక ఉదాహరణ చెప్తాను. మన దగ్గర వర్టస్, టైగన్, స్లావియా, కుషాక్‌లలో వచ్చే 1.5 టీఎస్ఐ ఇంజిన్ కంపెనీ నుంచే 150 పీఎస్, 250 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. దానికి జోడించిన ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ పేరు డీక్యూ200. ఆ గేర్‌బాక్సు తట్టుకునే టార్కు ఎంతని తయారీదారు చెప్పాడో తెలుసా? 250 న్యూటన్ మీటర్లు. అంటే షోరూం నుంచి బయటికొచ్చిన రోజే గిన్నె అంచు దాకా నిండి ఉంది. ఇలాంటి కారు తీసుకెళ్ళినప్పుడు క్లచ్ గురించి, గేర్‌బాక్సు గురించి మీరడక్కుండానే మాట్లాడేవాడు ట్యూనర్. "టెన్షన్ తీస్కోకన్నా, ఏం కాదు" అనేవాడు సేల్స్‌మన్. తట్టుకుంటున్నవి ఉండొచ్చు, కాదనను. కానీ ఆ రిస్కు మీ ముందు పెట్టి, మీ చేత ఒప్పించుకుని చెయ్యడం వేరు, దాచిపెట్టి చెయ్యడం వేరు.

రెండో సంగతి మన ఐటీవాళ్ళకి ఇట్టే అర్థమయ్యేది. సబ్‌కాంట్రాక్టు! చాలా షాపుల్లో కూర్చున్నాయన ట్యూనరే కాదు. మీ ఈసీయూలోంచి ఫైలు చదివి, ఎక్కడో దేశం కాని దేశంలో ఉన్న ఫైల్ సర్వీసుకి మెయిల్ చేస్తాడు. గంటలో మార్చిన ఫైలు వస్తుంది, దాన్ని మళ్ళీ ఎక్కిస్తాడు. అంతే. ఇందులో తప్పేమీ లేదు, రాసినవాడు మంచివాడైతే. కానీ ఆ రాసినవాడు మీ కారుని చూడలేదు, మీ ఊరి ఎండని చూడలేదు, మీ బంకు పెట్రోలు సంగతి వాడికి తెలియదు. మన మామూలు పెట్రోలు ఏళ్ళ తరబడి 91 ఆక్టేనే ఉండేది. యూరప్‌లో 95 అనేది కనీస మర్యాద, ఎక్కువ శక్తి ఫైళ్ళు 98కి రాస్తారు. 2025 నాటికి దేశమంతటా ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చేసింది. ఇథనాల్ ఆక్టేన్ పెంచుతుంది, నిజమే. కానీ లీటరుకి దానిలో ఉండే శక్తి పెట్రోలుకంటే సుమారు మూడో వంతు తక్కువ, మండడానికి కావలసిన గాలి పాళ్ళు కూడా వేరు. కాబట్టి ఇంజెక్టర్లు ఎక్కువసేపు తెరుచుకోవాలి. ఫుల్ లోడు మీద వాటికి ఇంకా సత్తువ మిగిలుందా లేదా? ఈ ప్రశ్నకి మీ షాపాయన తడుముకోకుండా జవాబు చెప్తే కూర్చోండి. "అవన్నీ హెడాఫీసువాళ్ళు చూసుకుంటారు సార్" అంటే టీ తాగి వచ్చేయండి.

మూడోది లాగ్స్. లాగ్స్ లేకుండా బగ్ ఫిక్స్ చేశానంటే మీ మేనేజరు నమ్ముతాడా? ఇక్కడా అంతే. ట్యూనింగ్‌కి ముందూ తర్వాతా ఫుల్ త్రాటిల్ మీద లాగ్ తియ్యాలి. అడిగిన బూస్టెంత, వచ్చిందెంత? నాక్ సెన్సరు ఏ సిలిండర్లో ఎన్ని డిగ్రీల ఇగ్నిషన్ వెనక్కి లాగుతోంది? గాలి పెట్రోలు పాళ్ళెంత, లోపలికెళ్ళే గాలి ఎంత వేడిగా ఉంది? నాలుగు సిలిండర్లలో ఒకదాంట్లోనే నాక్ వస్తోందంటే ప్లగ్గో, కాయిలో, ఇంజెక్టరో ఏదో తేడా ఉందన్నమాట. అది సరిచెయ్యకుండా బూస్టు పెంచడమంటే జ్వరమున్నవాణ్ణి పరుగు పందెంలో నిలబెట్టడమే. మంచి షాపు ఆ రోజు ట్యూన్ చెయ్యదు, ప్లగ్గులు మార్చుకుని రమ్మంటుంది. ఆ లాగ్ ఫైలు మీ పెన్‌డ్రైవ్‌లో వేసిమ్మనండి. ఇవ్వడానికి నసిగేవాడి దగ్గర అసలు లాగే లేదని అర్థం. ఇంకోమాట, టెస్టింగ్ పేరుతో అర్ధరాత్రి మీ కారు ఔటర్ రింగ్ రోడ్డెక్కించేవాడు ట్యూనర్ కాదు, మీ ఖర్చుతో సరదా తీర్చుకునేవాడు. అక్కడ లారీ తోలేవాడికీ పెళ్ళాం పిల్లలుంటారు.

నాలుగోది బ్యాకప్. "ఒరిజినల్ ఫైలు మా దగ్గర భద్రంగా ఉంటది" అంటారు. కొన్ని పరికరాలు ఓబీడీ ద్వారా ఈసీయూని పూర్తిగా చదవలేవు. సాఫ్ట్‌వేర్ నంబరు చూసి, దానికి సరిపోయే ఫైలుని తమ డేటాబేసులోంచి తెస్తాయి. వర్చువల్ రీడ్ అంటారు దీన్ని. అది పనికిరానిదేం కాదు, కానీ దాన్ని "మీ కారులోంచి తీసిన బ్యాకప్" అని చెప్పడం అబద్ధం. నా కారులోంచే చదివారా, డేటాబేసులోదా అని సూటిగా అడగండి. చిన్న ప్రశ్నే, మనిషి నిజాయితీ బయటపడుతుంది.

ఇప్పుడు మనవాళ్ళకి కోపం తెప్పించే మాట. వెనకనుంచి టపాకాయల్లా పేల్చే పాప్స్ అండ్ బ్యాంగ్స్ అడిగి మరీ చేయించుకుంటారే, అదేమిటో తెలుసా? యాక్సిలరేటర్ వదిలాక కూడా పెట్రోలు పోసి, ఇగ్నిషన్ బాగా ఆలస్యం చేసి, మంటని ఎగ్జాస్టులోకి నెట్టడం. ఆ వేడంతా పడేది టర్బో మీదా, క్యాటలిటిక్ కన్వర్టర్ మీదా. కాలిపోయిన కన్వర్టర్ని తర్వాత అదే షాపువాడు "తీసేద్దామన్నా, పవర్ కూడా పెరుగుద్ది" అంటాడు. డీజిల్ కార్లకైతే డీపీఎఫ్ డిలీట్! ఆ ఫిల్టరు ఆపే మసి ఎక్కడికి పోతుందనుకుంటున్నారు? స్కూలు బస్సు కోసం నిలబడ్డ పిల్లల ఊపిరితిత్తుల్లోకి. 2015లో ఫోక్స్‌వాగన్ సాఫ్ట్‌వేర్‌తో పొగ పరీక్షలని మోసం చేసిందని బయటపడినప్పుడు మనమంతా నీతులు చెప్పాం. ప్రపంచవ్యాప్తంగా కోటీ పది లక్షల కార్లు. ఆ కంపెనీ దొంగచాటుగా చేసింది మనం డబ్బిచ్చి చేయించుకుంటున్నాం, తేడా అంతే.

చట్టం సంగతీ తెలుసుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు చెప్పినదానికి, ఆర్సీలో ఉన్నదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటే గట్టిగా చెప్పింది. శబ్దం, పొగ పరిమితులు దాటితే 190వ సెక్షన్ వేరే ఉంది. ఇన్సూరెన్సు కంపెనీకి చెప్పకుండా మార్పులు చేయిస్తే, క్లెయిము రోజున వాళ్ళకి సాకు మనమే చేతికిచ్చినట్టు. ఇవన్నీ కూర్చోబెట్టి చెప్పే షాపు మీ డబ్బు కంటే తన పేరుని ఎక్కువ చూసుకుంటోందని అర్థం. "సర్వీస్ సెంటర్లో దొరకదన్నా, వారంటీ ఎటూ పోదు" అనేవాడి గురించి ఒక్కటే అడుగుతాను. మీతో కలిసి కంపెనీని మోసం చెయ్యడానికి సిద్ధపడ్డవాడు, రేపు మిమ్మల్ని మోసం చెయ్యడని ఏమిటి నమ్మకం?

"అన్నీ ఐదు నక్షత్రాల రివ్యూలే ఉన్నాయి గదండీ" అంటారా? ఆ రివ్యూలు ఎప్పుడు రాసినవో చూడండి. కారు తీసుకెళ్ళిన వారంలో, ఇంకా ఆ ఊపులో ఉన్నప్పుడు రాసినవి. పిస్టన్ పగిలేది వారంలో కాదు, ఏడాదికో రెండేళ్ళకో. అప్పటికి రివ్యూ మార్చే ఓపిక ఎవరికీ ఉండదు, కొందరు కారే అమ్మేసుంటారు. కాబట్టి నిన్నటి కస్టమర్ని కాదు, రెండేళ్ళ కిందటి కస్టమర్ని చూపించమనండి. ట్యూన్ అయ్యాక నలభై వేల కిలోమీటర్లు తిరిగిన కారు ఒక్కటి చూపించినా చాలు. ఇంజిన్ పాడైన కేసు ఎప్పుడైనా వచ్చిందా, వస్తే ఏం చేశారని కూడా అడగండి. "మా దగ్గర ఒక్కటీ పోలేదు" అంటే వాడు కొత్తవాడైనా అవ్వాలి, అబద్ధాలకోరైనా అవ్వాలి. పదేళ్ళు సర్వర్లు నడిపి ఒక్క అవుటేజీ చూడలేదన్నవాణ్ణి మీరు ఉద్యోగంలోకి తీసుకుంటారా?

మంచి షాపు ఖరీదెక్కువే. ముందు పరీక్షలకి డబ్బడుగుతుంది, వారం ఆగమంటుంది, బ్రేకులూ టైర్లూ బాగాలేవని తిట్టి పంపుతుంది, ఒక్కోసారి ఈ కారుకి చెయ్యనని తెగేసి చెప్తుంది. మనవాళ్ళకి అది పొగరులా కనబడుతుంది. పక్కసందులో ఆఫరు పెట్టినవాడు మర్యాదస్తుడిలా కనబడతాడు. కానీ ఇంజిన్ విప్పాల్సిన రోజున ఐదారు లక్షల బిల్లు మన చేతికొస్తుంది, ఆ మర్యాదస్తుడి ఫోను మాత్రం స్విచాఫ్ వస్తుంది.

అందుకే నా సలహా ఇది. షాపుకెళ్ళాక "ఎంత పెరుగుద్ది" అని అడగడం మానేసి, "ఏ కారుకి చెయ్యనన్నారు, ఎందుకు చెయ్యనన్నారు" అని అడగండి. చెప్పడానికి ఒక్క కథ కూడా లేనివాడికి తాళం ఇవ్వకండి.