దెబ్బ తలకు, పరీక్ష చదువుకా?

భర్త జుట్టు పట్టుకుని తల గోడకేసి బాదాడని ఒక స్త్రీ ఆస్పత్రికి వస్తే అక్కడ ఏం చూస్తారు? స్పృహలో ఉందా, వాంతులయ్యాయా అని చూస్తారు. కుట్లు వేస్తారు. స్కానింగులో ఏమీ కనబడకపోతే ‘మామూలు గాయం’ అని సర్టిఫికెట్ రాసి ఇంటికి పంపిస్తారు. కొన్నాళ్లకు ఆమె అన్నం మాడుస్తోందనీ, చెప్పింది మరిచిపోతోందనీ, ప్రతిదానికీ విసుక్కుంటోందనీ అదే ఇంట్లో మళ్లీ తన్నులు మొదలవుతాయి. మొదటి దెబ్బ చేసిన నష్టమే రెండో దెబ్బకు సాకు అవుతుంది.

ఆస్పత్రుల్లో వాడే గ్లాస్గో కోమా స్కేలు 1974లో వచ్చింది. కళ్లు తెరవడం, మాట్లాడటం, కాళ్లూ చేతులూ కదపడం చూసి 3 నుంచి 15 వరకు మార్కులు వేస్తారు. 13 నుంచి 15 వస్తే స్వల్ప గాయం కింద లెక్క. ప్రాణాపాయాన్ని పసిగట్టడానికి అది అవసరమే. కానీ అది కొలిచేది స్పృహను, ఆలోచనను కాదు. మనసు నిలపడం, గుర్తుపెట్టుకోవడం, ఏ పని తర్వాత ఏ పని అని అమర్చుకోవడం దెబ్బతిన్నా 15కి 15 రావచ్చు. స్కానింగు కూడా మామూలుగానే ఉండొచ్చు. చాలామంది కొన్ని వారాల్లో కోలుకుంటారు. కొందరికి నెలల తరబడి ఇబ్బందులు పోవు.

సరే, ఆలోచనాశక్తిని పరీక్షించారే అనుకుందాం. ఎక్కువగా వాడే 30 మార్కుల పరీక్ష 1975లో అమెరికాలో తయారైంది. 100లోంచి ఏడేసి తీసేస్తూ పొమ్మంటుంది, ఒక వాక్యం రాయమంటుంది, బొమ్మ చూసి గీయమంటుంది. బడి మొహం చూడని స్త్రీకి ఏ దెబ్బా తగలకపోయినా ఇందులో మార్కులు తగ్గుతాయి. చదువుకున్న స్త్రీకి నిజంగా నష్టం జరిగినా మంచి మార్కులే రావచ్చు. ఒకరికి లేని లోపం అంటగడుతుంది, మరొకరికి ఉన్న లోపం దాచేస్తుంది. ఈ ప్రశ్నలు ఎవరి జీవితంలోంచి పుట్టాయి?

వేరే దారి లేక కాదు. హర్యానాలోని బల్లభ్‌గఢ్ ప్రాంతంలో చదువురాని వృద్ధుల మతిమరుపు జబ్బును గుర్తించడానికి 1995లో హిందీలో అక్షరంతో పనిలేని పరీక్ష తయారుచేశారు. 1999లో వారి రోజువారీ పనుల మీదే ఒక కొలమానం తెచ్చారు. తల దెబ్బకు దాన్నే యథాతథంగా వాడమని కాదు, ఆ పద్ధతి మనకూ కావాలి. ఆమె చేసే పనే ఆమెకు కొలబద్ద కావాలి. ఎసరు పెట్టిన సంగతి గుర్తుంటోందా? బీడీలు చుట్టేటప్పుడు లెక్క తప్పుతోందా? సంఘం వాయిదా, చిల్లర, బస్సు నంబరు ఎలా ఉన్నాయి? దెబ్బకు ముందు ఎలా ఉండేవి? ఈ సంగతులు చెప్పాల్సింది కొట్టిన భర్తో, అతని తల్లో కాదు. ఆమె, ఆమె పక్కన పనిచేసేవాళ్లు.

ఇది వైద్యం గొడవ మాత్రమే కాదు. భారతీయ న్యాయ సంహిత 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని 116వ సెక్షన్ ప్రకారం గాయం వల్ల 15 రోజులపాటు తన మామూలు పనులు చేసుకోలేకపోతే అది తీవ్రమైన గాయమే. పాత చట్టంలో ఈ గడువు 20 రోజులు. మామూలు గాయమైతే కొట్టినవాడికి గరిష్ఠంగా ఏడాది శిక్ష, తీవ్రమైనదైతే ఏడేళ్ల దాకా. మరి ఇంటి పని, కూలి పని ‘మామూలు పనులు’ కావా? వాటిని ఎవరూ అడగకుండా, రాయకుండా మొదటి రోజునే సర్టిఫికెట్ మీద చివరి మాట ఎలా రాస్తారు?

ఇంకో ప్రమాదమూ ఉంది. ఇదే పరీక్షను చూపి ‘మతి స్థిమితం లేదు’ అని విడాకులు కోరే భర్తలుంటారు, పిల్లల్ని, ఆస్తిని లాక్కోవాలని చూసేవాళ్లుంటారు. అలాగని పరీక్షే వద్దనుకుంటే నష్టపోయేది ఆమే. ఏం చేయలేకపోతోందో రాసేటప్పుడే ఏం చేయగలుగుతోందో, ఏ సాయం ఉంటే చేయగలదో కూడా రాయాలి. వికలాంగుల హక్కుల చట్టం, 2016, 13వ సెక్షన్‌లో ఆస్తి మీదా ఆర్థిక వ్యవహారాల మీదా సమాన హక్కును గుర్తించింది. కానీ ఆ చట్టం పేర్కొన్న 21 వైకల్యాల్లో తల గాయం విడిగా లేదు. దాన్ని చేర్చమని అడగాలి.

మన సహాయ కేంద్రాలకు వచ్చే ప్రతి స్త్రీనీ తలకు దెబ్బ తగిలిందా, గొంతు నులిమాడా, ఆ తర్వాత పనుల్లో తేడా వచ్చిందా అని అడగాలి. చెప్పింది తేదీలతో సహా రాసిపెట్టాలి. గృహహింస చట్టం కింద రక్షణ అధికారి రాసే నివేదికలో అది చేరాలి. రెండు వారాల తర్వాత మళ్లీ పరీక్ష చేయించి, ఆ ఫలితాన్ని కేసు ఫైలులో పెట్టించాలి. ఆ కాగితం నకలు ముందుగా ఆమె చేతికి రావాలి. కుట్లు మానినంత మాత్రాన గాయం మానినట్టు కాదని డాక్టరు చేతా, పోలీసు చేతా, కోర్టు చేతా ఒప్పించేదాకా మనం అడుగుతూనే ఉండాలి.