చింతమాన్లు ఊరివి, చెయ్యెత్తాల్సింది మీరు

మా ఊరు హొసూరుకు దగ్గర. ఊర్లోకి వచ్చే దారికి రెండు పక్కలా పంచాయతీ చింతమాన్లు ఉన్నాయి. ఏటా వాటి కాయల్ని వేలం వేస్తారు, ఆ దుడ్డు పంచాయతీకి చేరుతుంది. ఇప్పుడు పక్కనున్న చేను సైట్లు అవుతోంది. దారి వెడల్పు కావాలి, మాన్లు కొట్టేయండి అంటున్నారు. కొట్టకూడదని గ్రామసభలో తీర్మానం పెట్టాలని కొందరు పట్టుబడుతున్నారు. నేను ఈ కొందరి పక్షం. ఆ సైట్లు వేస్తున్నది మా చిన్నాయనే అయినా సరే.

"కార్బన్ సంగతి ఢిల్లీవాళ్లు చూసుకుంటారు, పంచాయతీకేం పని?" అని ఇంట్లో నవ్వినారు. పని ఉంది. పంచాయతీలకు అప్పగించదగిన 29 విషయాలు రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో ఉన్నాయి. ఊరి భూముల్లో చెట్ల పెంపకం వాటిలో ఒకటి. ఎండిన మాను బరువులో దాదాపు సగం కార్బనే. అంతా గాలిలోంచి తీసుకొని దాచుకున్నది. కొట్టి పొయ్యిలో పెడితే మళ్లీ గాలిలోకే పోతుంది. ఢిల్లీలో ఎంత మాట్లాడుకున్నా, గొడ్డలి పడేది మా ఊరి దారిలోనే కదా!

"ఒకటి కొడితే పది నాటుతాం" అంటారు. మా బడిలోనూ ఏటా నాటుతాం, ఫోటో దిగుతాం. ఎండాకాలం సెలవుల్లో నీళ్లు పోసే దిక్కుండదు. బడి తెరిచాక అదే గుంతలో ఇంకో మొక్క. (గుంత తవ్వేది మాత్రం ఎప్పుడూ తొమ్మిదో తరగతివాళ్లే, అది వేరే గొడవ.) ఒకవేళ ఆ పదీ బతికినా, మా జేజి పుట్టకముందు నుంచీ ఉన్న మాను దాచినంత దాచేసరికి నేను ముసలిదాన్నవుతాను.

కేరళలో, వయనాడు జిల్లా మీనంగాడి పంచాయతీ ఏం చేసిందో చూడండి. చెట్లు నాటి, కొట్టకుండా పెంచే రైతుకు ఆ చెట్ల మీదే వడ్డీలేని అప్పు ఇచ్చే పథకం పెట్టింది. అదీ మనలాంటి పంచాయతీయే.

చిన్నాయనకు అన్న కాలేజీ ఫీజు కట్టాల్సి ఉంది. అది నిజం. సొంత చేను అమ్ముకోవద్దని నేననడంలేదు. చేనుకు వెనకపక్క బండిదారి ఉంది. దాన్ని వెడల్పు చేస్తే కొంచెం చుట్టు, కొంచెం ఖర్చు. ఆ ఖర్చు మిగలాలని ఊరి మాన్లు పడగొట్టడం న్యాయమా?

అక్టోబరు 2న గ్రామసభ. ఓటున్నవాళ్లదే అక్కడ లెక్క, నాకేమో పదిహేనేళ్లు. ఈ పత్రిక చదివే అమ్మానాయనలకు ఓటుంది. మా అమ్మ వస్తానంది. నాయన ఇంకా ఏమీ చెప్పలేదు.