ఓటు ఒక అమానత్
‘నాయకులంతా ఒక్కటే’ అన్న మాట వికారాబాదు, తాండూరు ముస్లింలలో తరచూ వినిపిస్తోంది. ఈ నిరాశకు కారణాలున్నాయి. 2014లో టీఆర్‌ఎస్ 12 శాతం రిజర్వేషన్లు ఇస్తామన్నది. 2017లో శాసనసభ ఆమోదించిన బిల్లు కేంద్రం వద్దే ఆగిపోయింది. 2023లో అమిత్ షా మన చేవెళ్లకే వచ్చి, అధికారమిస్తే ముస్లిం రిజర్వేషన్లు రద్దు చేస్తామన్నారు. 2014లో ఇక్కడ టీఆర్‌ఎస్ తరఫున గెలిచిన కొండా విశ్వేశ్వర్ రెడ్డి, కాంగ్రెస్ మీదుగా, 2024లో బీజేపీ ఎంపీ అయ్యారు.

అయినా ఈ నిరాశతో మేము ఏకీభవించలేం. నిలుపుకోని మాట వేరు, ఉన్నది లాక్కుంటామనే మాట వేరు. రెండింటినీ ఒకే గాటన కడితే ఎవరూ జవాబు చెప్పనక్కరలేదు. అంతరంగాలు అల్లాహ్‌కే తెలుసు. వాగ్దానాలను తేదీలతో రాసి ఉంచి, ఓటడగ వచ్చిన రోజున లెక్క అడగడం మన బాధ్యత.