లెక్క రాని పిల్లలా, లెక్కలోకి రాని పిల్లలా?

మూడో తరగతి పిల్లవాణ్ణి 39 రాయమంటే 49 రాస్తాడు. 'వీళ్ళకు లెక్కలు అబ్బవు' అని ఉపాధ్యాయుడు తీర్మానిస్తాడు. అసలు నష్టం ఆ తీర్మానంతోనే మొదలవుతుంది.

తెలుగులో 'ముప్పై తొమ్మిది' అనగానే పదులూ ఒకట్లూ విడివిడిగా వినిపిస్తాయి. ఉర్దూలో అదే సంఖ్య 'ఉన్‌తాలీస్', అంటే నలభైకి ఒకటి తక్కువ. చెవిన పడేది నలభై, రాయవలసింది మూడు. 29, 49, 59, 69, 79 లది కూడా ఇదే తీరు. 89, 99 లకు వచ్చేసరికి ఆ తీరూ మారిపోతుంది. ఇంట్లో ఉర్దూ మాట్లాడి బడిలో తెలుగులోనో ఇంగ్లీషులోనో లెక్క నేర్చే బిడ్డకు ఇది నిత్యం ఎదురయ్యే చిక్కు. (తెలుగే ఇంటి భాషగా గల నూర్‌బాషా పిల్లలకు ఈ చిక్కు లేదు. అయినా పేరు చూసి వారినీ అదే గాటన కట్టేవారున్నారు.)

గణితమంటే ఎక్కాలూ ఒకే పద్ధతీ అని నమ్మినవారు బల్ల మీద రెండు లెక్కలు చేసి, తక్కినవి ఎక్కించుకోమంటారు. 52లోంచి 17 తీసివేసి 45 అని రాసిన పిల్లను 'ఎలా చేశావమ్మా' అని అడిగితే, పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేశానని చెబుతుంది. దిద్దవలసిన చోటు అప్పుడే తెలుస్తుంది. ఎర్రసిరా ఇంటుగుర్తు ఆ సంగతి చెప్పదు.

బ్రెజిల్‌లోని రెసీఫెలో వీధుల్లో సరుకులమ్మే అయిదుగురు పిల్లలను పరిశీలించి 1985లో ప్రకటించిన అధ్యయనం ప్రసిద్ధమైనది. బేరం దగ్గర నూటికి 98 లెక్కలు సరిగా చేసినవారే, అవే లెక్కలను కాగితం మీద ఇస్తే 37 మాత్రమే చేయగలిగారు. మన తోపుడు బండ్ల వద్ద చిల్లర లెక్కించి ఇచ్చే పిల్లల సంగతీ ఇదే. బడి వారి లెక్కను లెక్కగా గుర్తించదు.

తప్పంతా ఉపాధ్యాయులదే అనడం అన్యాయం. వారూ అలాగే నేర్చుకున్నవారు. ఒకే గదిలో రెండు మూడు తరగతులు నడిపేవారు వారిలో ఎందరో. ఉర్దూ మాధ్యమంలో రిజర్వు అయిన పోస్టులు అభ్యర్థులు లేక ఖాళీగా మిగిలిపోవడం పాత కథే. దస్త్రాల మధ్య జీవితం గడిపినవానిగా చెబుతున్నాను, ఖాళీ పోస్టు ఏ ఫైలులోనూ తనంతట తాను కదలదు.

విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ సాధ్యమైనంతవరకు మాతృభాషలో బోధననూ, భయంలేని చదువునూ కోరుతున్నది. 21వ సెక్షన్ పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల స్థానాలు తల్లిదండ్రులకు ఇచ్చింది. ఉపాధ్యాయ శిక్షణలో ఉర్దూ సంఖ్యల పేర్లను ఒక పాఠంగా చేర్చాలని ఆ కమిటీల ద్వారా తీర్మానాలు పంపాలి. వచ్చే సమావేశానికి పిల్లల లెక్కల నోటుబుక్కులు వెంట తీసుకువెళ్ళండి, ముఖ్యంగా ఇంటుగుర్తులున్న పుటలు.