నోరు లేని పురుగు భోజనం

పిల్లలూ! మనం తినే అన్నం ముందుగా వరిమొక్క వండినదే. దాని ఆకుల్లోని పత్రహరితం ఎండను పట్టుకుని, ఆ బలంతో గాలిలోని బొగ్గుపులుసు వాయువునూ, వేళ్ళు తెచ్చిన నీటినీ కలిపి చక్కెర చేస్తుంది. ఆ చక్కెరే గింజలో పిండి అవుతుంది. మేకను తినే పులి కూడా, మేక మేసిన గడ్డి ద్వారా, ఎండనే తింటున్నదన్నమాట!

ఎండ అక్కరలేకుండా గంధకంతో బతికే సూక్ష్మజీవులున్నాయని రష్యా శాస్త్రజ్ఞుడు వినోగ్రాడ్‌స్కీ 1887లోనే చెప్పాడు. కాని కంటికి కనిపించని వాటి వంటను ఎవరు లెక్కచేస్తారు? పెద్ద ప్రాణులన్నిటికీ సూర్యుడే దిక్కని అందరూ అనుకున్నారు.

1977లో కొందరు శాస్త్రజ్ఞులు "ఆల్విన్" అనే చిన్న జలాంతర్గామిలో పసిఫిక్ మహాసముద్రంలో గాలపాగోస్ దీవులకు దూరాన, రెండున్నర కిలోమీటర్ల లోతుకు దిగారు. అక్కడికి ఎండ చేరదు. అంతా కటిక చీకటి. అడుగున నేల బీటలువారిన చోట వేడినీటి ఊటలున్నాయేమో చూడాలని వారి కోరిక. ఊటలు దొరికాయి. కాని వాటి చుట్టూ ఏమున్నదనుకున్నారు? పెద్ద పెద్ద ఆల్చిప్పలు, పీతలు, తెల్లని గొట్టాల్లోంచి ఎర్రని కుచ్చులు బయటపెట్టిన పురుగులు! ఈ పురుగుల్లో కొన్ని మనిషికన్న పొడవు పెరుగుతాయి.

ఓడ మీద ఉన్నవారంతా రాళ్ళనూ నీళ్ళనూ పరీక్షించేవారే. జంతువుల సంగతి తెలిసినవారు ఒక్కరూ లేరు. పెళ్ళివారు దిగాక వంటవాడు లేడని తెలిసినట్టయింది! పైకి తెచ్చిన ఊటనీటి సీసాలు తెరిస్తే కుళ్ళిన గుడ్ల కంపు కొట్టింది. అది హైడ్రోజన్ సల్ఫైడు అనే గంధకపు వాయువు వాసన. మనకైతే అది విషం.

తరవాత ఆ పురుగును కోసి చూస్తే మరో వింత బయటపడింది. పెరిగిన పురుగుకు నోరు లేదు, పేగులూ లేవు. మరి తినేదెలా?

1980లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఒక శాస్త్రజ్ఞుడు ఈ పురుగును గురించి ఉపన్యసిస్తూ, దాని ఒంట్లో గంధకపు పలుకులు కనిపించాయన్నాడు. వింటున్న కొలీన్ కావనా అనే విద్యార్థిని లేచి నిలబడి, "అయితే లోపల గంధకంతో బతికే సూక్ష్మజీవులు ఉండాలి!" అన్నది. పరీక్షించి చూడగా ఆమె మాటే నిజమయింది.

పురుగు తన ఎర్రని కుచ్చుతో గంధకపు వాయువునూ, నీటిలో కరిగిన ప్రాణవాయువునూ పీల్చుకుని, రక్తం ద్వారా లోపలి సూక్ష్మజీవులకు అందిస్తుంది. అవి కోట్లకొద్దీ ఉంటాయి. ఆ రెంటినీ కలిపితే పుట్టే శక్తితో అవి బొగ్గుపులుసు వాయువును ఆహారంగా మార్చి, తాము తిని, పురుగుకూ పెడతాయి. ఇల్లు పురుగుది, వంట వాటిది!

అయితే ఒక తిరకాసు ఉన్నది. ఆ నీటిలోని ప్రాణవాయువు ఎక్కడిది? పైన ఎండలో బతికే మొక్కలూ, సముద్రపు నాచూ విడిచినదే. కాబట్టి మన పురుగు సూర్యుడికి ఇంకా కొంచెం బాకీ ఉన్నట్టే. అటువంటి ఊటల్లోనే, ప్రాణవాయువు సోకితే బతకలేని సూక్ష్మజీవులు కూడా ఉన్నాయి. వాటి కథ వచ్చే నెల చెప్పుకుందాం.