కౌన్సెలింగ్ అంటే సీటు ఒక్కటే కాదు

మన దగ్గర ‘కౌన్సెలింగ్’ అనే మాటకు రెండే అర్థాలు. ఒకటి, ఎప్‌సెట్‌లో ర్యాంకు వచ్చాక వెబ్ ఆప్షన్లు పెట్టుకుని సీటు తెచ్చుకోవడం. రెండోది, తప్పు చేసిన కుర్రాణ్ని స్టేషన్‌కో ప్రిన్సిపల్ గదికో పిలిచి, పక్కన అమ్మానాన్నల్ని నిలబెట్టి చీవాట్లు పెట్టడం. మనసు బాగోనప్పుడు శిక్షణ పొందిన మనిషి దగ్గర కూర్చుని మాట్లాడటం అనే మూడో అర్థం ఒకటుంది. అది మాత్రం మన కాలేజీ కారిడార్లలో వినిపించదు. అందుకే ‘వాడు కౌన్సెలింగ్‌కి వెళ్లాడట’ అనగానే పక్కవాళ్లు ముందు అడిగేది, ‘ఏం చేశాడేంటి?’ అని.

కొత్త విద్యా సంవత్సరం మొదలైంది. ఇంటర్ నుంచి వచ్చిన ఫస్టియర్ పిల్లలు హాస్టల్ గదుల్లో సూట్‌కేసులు దించుతున్నారు. ఫైనలియర్ వాళ్లు రెజ్యూమెలు దిద్దుకుంటున్నారు. కాలేజీ ఎంచుకునేటప్పుడు మనం అడిగే ప్రశ్నలు తెలిసినవే. హయ్యెస్ట్ ప్యాకేజీ ఎంత? ఎన్ని కంపెనీలు వచ్చాయి? బస్సు ఉందా? వాటి పక్కన ఇంకో ప్రశ్న చేర్చాలని నా వాదన. మీ దగ్గర కౌన్సెలర్ ఉన్నారా? ఉంటే ఏ గదిలో, ఏ టైంలో దొరుకుతారు?

దయ కాదు, ఆదేశం

ఇది మొహమాటపడుతూ అడగాల్సిన సాయం కాదు. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023లో చనిపోయిన 17 ఏళ్ల విద్యార్థిని కేసులో, ఆమె తండ్రి న్యాయం కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2025 జులై 25న జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా ధర్మాసనం దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. అక్కడితో ఆగకుండా దేశంలోని విద్యాసంస్థలన్నింటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రభుత్వాలు చట్టం చేసేదాకా వీటిని పాటించి తీరాల్సిందేనని చెప్పింది.

వాటిలో మనకు నేరుగా పనికొచ్చేవి కొన్ని చూడండి. వంద మంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న ప్రతి సంస్థ అర్హత ఉన్న కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని పెట్టుకోవాలి. అంతకంటే చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. టెలీ మానస్ లాంటి హెల్ప్‌లైన్ నంబర్లను హాస్టళ్లలో, క్లాసుల్లో, వెబ్‌సైట్‌లో పెద్ద అక్షరాలతో పెట్టాలి. సిబ్బందికి ఏటా కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. కోచింగ్ సెంటర్లు మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయకూడదు, నలుగురిలో అవమానించకూడదు. ఈ ఆదేశాలు స్కూళ్లు, కాలేజీలకే పరిమితం కాదు. శిక్షణ కేంద్రాలు, కోచింగ్ సంస్థలు, హాస్టళ్లకు కూడా వర్తిస్తాయి.

ఎందుకింత గట్టిగా చెప్పాల్సి వచ్చిందో తీర్పులో ఉటంకించిన లెక్కలే చెబుతాయి. జాతీయ నేర గణాంకాల సంస్థ నివేదిక ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. పరీక్ష తప్పడమే కారణమని నమోదైన మరణాలు 2,248. ఈ రెండు అంకెల మధ్య తేడా చూడండి. ‘ఫెయిలయ్యాడు కాబట్టే’ అని మనం సులువుగా తేల్చేస్తాం గానీ, చాలామంది విషయంలో కారణం మార్కుల మెమోలో కనిపించదు. ఇంట్లో అప్పు, ఒంటరితనం, వేధింపు, ప్రేమ, అనారోగ్యం, లేదా ఇవన్నీ కలిసి మోయలేనంత బరువు కావడం. మార్కులే చూసే వ్యవస్థకు పాసవుతూ నలిగిపోయేవాళ్లు కనబడరు.

బోర్డు ఉంటే సరిపోదు

సమస్య ఏంటంటే, ఆదేశాన్ని కాగితం మీద పాటించడం మన కాలేజీలకు కొట్టినపిండి. తనిఖీకి ముందు రోజు ల్యాబ్‌లో కంప్యూటర్లు ప్రత్యక్షమైనట్టే, స్టోర్ రూమ్ తలుపు మీద ‘కౌన్సెలింగ్ సెల్’ అనే బోర్డు కూడా ప్రత్యక్షం కావచ్చు. ఇంగ్లిష్ పాఠం చెప్పే మేడమ్‌కో, ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌కో అదనపు బాధ్యతగా అంటగట్టవచ్చు. వాళ్లు ఎంత మంచివాళ్లైనా ఇక్కడో చిక్కుంది. మీ ఇంటర్నల్ మార్కులు వేసే మనిషికి, డ్రైవ్‌కి ఎవర్ని పంపాలో తేల్చే మనిషికి ‘నాకు రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు సార్, బతకాలనిపించట్లేదు’ అని మీరు చెప్పగలరా? చెప్పలేరు. అందుకే అర్హత ఎంత ముఖ్యమో, మార్కులతో, హాజరుతో, ప్లేస్‌మెంట్‌తో సంబంధం లేకపోవడం కూడా అంతే ముఖ్యం.

కాబట్టి ఓరియంటేషన్ రోజున మూడు ప్రశ్నలు అడగండి. కౌన్సెలర్ చదివింది ఏంటి? వారంలో ఎన్ని గంటలు ఉంటారు? నేను చెప్పింది హెచ్‌ఓడీకి, ఇంటికి చేరుతుందా? మూడోదానికి జవాబు రాతపూర్వకంగా ఉండాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. చికిత్స తీసుకునేవారి వివరాలు గోప్యంగా ఉంచడాన్ని అది హక్కుగా గుర్తించింది. ప్రాణాపాయం లాంటి కొన్ని సందర్భాలే మినహాయింపు. ‘క్యాంపస్ సెలక్షన్‌లో ఇది తెలిసిపోతుందేమో’ అనే భయం చాలామందికి ఉంటుంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో సాధారణంగా చూసేది మీ సర్టిఫికెట్లు, చిరునామా, పాత ఉద్యోగం, కేసులు. మీరు ఎవరి దగ్గర కూర్చుని ఏడ్చారన్నది కాదు.

రెండు ఐడీ కార్డుల మధ్య

నేనుండేది కోకాపేటలో. 2023 ఆగస్టులో హెచ్‌ఎండీఏ వేలంలో ఇక్కడి నియోపొలిస్‌లో ఎకరం వంద కోట్లు దాటింది. ఆ టవర్ల కింద నుంచే రోజూ గండిపేట వైపు కాలేజీ బస్సులు వెళ్తుంటాయి. మెడలో కాలేజీ ఐడీ కార్డు ఉన్నవాళ్లు కిటికీలోంచి ఆ అద్దాల మేడల్ని చూస్తారు. అదే రోడ్డు మీద కంపెనీ ఐడీ కార్డు ఉన్నవాళ్లు క్యాబ్‌లు దిగుతారు. పెద్ద కంపెనీల్లో చాలావరకు ఉద్యోగులకు కౌన్సెలింగ్ సదుపాయం ఉంటుంది. రేపు కాలేజీల్లోనూ వస్తుందనుకుందాం.

మరి ఈ రెండు కార్డుల మధ్య ఉన్నవాళ్ల సంగతి? డిగ్రీ చేతికొచ్చి, ఆఫర్ రాక, లేదా ఆఫర్ వచ్చినా జాయినింగ్ తేదీ రాక, పీజీ హాస్టల్లో ముగ్గురు పడుకునే గదిలో ఉండి కోర్సులు నేర్చుకుంటున్నవాళ్లు వేలమంది ఉన్నారు. ఊళ్లో ‘ఇంకా జాబ్ రాలేదా?’ అన్న ప్రశ్న తప్పించుకోవడానికి పండక్కి కూడా ఇంటికి వెళ్లరు. లింక్డిన్ తెరిస్తే క్లాస్‌మేట్ల శుభవార్తలు. వీళ్లకు కాలేజీ కౌన్సెలర్ లేరు, కంపెనీ హెల్ప్‌లైన్ లేదు. సుప్రీంకోర్టు ఆదేశాల్లో శిక్షణ కేంద్రాలు, హాస్టళ్ల పేర్లు ఉండటం నాకు అందుకే ముఖ్యంగా కనిపిస్తుంది. అమీర్‌పేటలో వేలకు వేలు ఫీజు తీసుకునే ఇన్‌స్టిట్యూట్‌ని ‘మాక్ ఇంటర్వ్యూలు ఎన్ని?’ అని అడిగినట్టే దీన్నీ అడగాలి. కాలేజీలు కూడా పాసైన బ్యాచ్‌కి కనీసం ఒక ఏడాది పాటు కౌన్సెలర్‌ని కలిసే వీలు కల్పించాలి. పూర్వ విద్యార్థుల మీట్‌కి పిలిచి విరాళాలు అడిగే కాలేజీకి ఇది పెద్ద భారం కాదు.

‘ముందు ఉద్యోగం ఇప్పించండి’

ఈ మాటకు వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. ‘ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని సర్టిఫికెట్లు ఆపేశారు. ఉద్యోగాల్లేవు. కౌన్సెలర్ వచ్చి ఏం చేస్తాడు? డీప్ బ్రీత్ తీసుకో అంటాడా?’ అని. ఇందులో న్యాయముంది. బాధకు కారణం బయట ఉన్నప్పుడు దాన్ని మనసు రోగంగా మార్చి చేతులు దులుపుకోవడం మోసమే. బకాయిలు ప్రభుత్వమే తీర్చాలి, సర్టిఫికెట్ కాలేజీయే ఇవ్వాలి. కౌన్సెలర్ ఆ పని చేయలేరు.

కానీ కాలు విరిగినవాడికి గుంత పూడ్చేదాకా కట్టు కట్టం అని ఎవరూ అనరు కదా. రోడ్డు బాగుచేయమని పోరాడుతూనే కట్టు కడతాం. పైగా ఆ పోరాటానికైనా, పదకొండో ఇంటర్వ్యూకైనా ముందు మనిషి నిలబడాలి. నిద్ర లేక, తిండి సరిగా తినక, ‘నేనెందుకూ పనికిరాను’ అని నమ్మేసిన మనిషికి కోడింగ్ టెస్టులో తెలిసిన ప్రశ్న కూడా కొత్తగానే కనిపిస్తుంది.

ఇంకో అభ్యంతరం పెద్దవాళ్లది. ‘మేమూ కష్టపడ్డాం, మాకెవరు కౌన్సెలింగ్ ఇచ్చారు?’ నిజమే, కష్టపడ్డారు. అయితే వాళ్ల తరంలోనూ తట్టుకోలేనివాళ్లు ఉన్నారు. మిగిలినవాళ్లే ఇప్పుడు కథ చెబుతున్నారు.

ఎర్రగడ్డ జోకు మానేద్దాం

మనవైపు నుంచి మార్చుకోవాల్సిందీ ఉంది. హైదరాబాద్‌లో ఎవరైనా కాస్త వింతగా మాట్లాడితే ‘ఎర్రగడ్డకు పంపాలి’ అంటాం. విశాఖలో అదే జోకు చినవాల్తేరు పేరు మీద నడుస్తుంది. ఆ రెండు చోట్లా ఉన్నవి ప్రభుత్వ మానసిక వైద్యశాలలు. ప్రైవేటు ఫీజు కట్టలేని వేలమందికి అవే దిక్కు. ఆ పేరుని తిట్టుగా వాడిన ప్రతిసారీ, నిజంగా అక్కడికి వెళ్లాల్సిన స్నేహితుడు ఇంకో నెల వాయిదా వేస్తాడు. అక్కడికే వెళ్లాలని కూడా లేదు. గాంధీ, ఉస్మానియా లాంటి పెద్దాస్పత్రుల్లోనూ సైకియాట్రీ విభాగాలు ఉన్నాయి.

‘ఏఐ చాట్‌బాట్‌తో మాట్లాడుకుంటే చాలదా?’ అని నన్ను చాలామంది అడుగుతుంటారు. టెక్నాలజీ గురించి రాసేవాణ్ని కాబట్టి సూటిగానే చెబుతాను. రెజ్యూమె దిద్దుకోవడానికి, ఇంటర్వ్యూ ప్రాక్టీసుకి వాడండి. మనసులో మాట కాగితం మీద పెట్టుకున్నట్టు టైప్ చేస్తే కాస్త తేలిక పడొచ్చు కూడా. కానీ మీరు మూడు రోజులుగా మెస్‌కి వెళ్లలేదని దానికి తెలియదు. అర్ధరాత్రి మీ గది తలుపు తట్టదు. డాక్టర్‌కి ఉన్న చట్టపరమైన బాధ్యత దానికి లేదు. మీరు ఏమన్నా తలూపే గుణం దానికి ఎక్కువ. నలిగిపోతున్న మనిషికి ఒక్కోసారి కావాల్సింది ఒప్పుకునే గొంతు కాదు, ‘పద, వెళ్దాం’ అనే గొంతు.

ఈ వారం చేయగలిగేవి

టెలీ మానస్ నంబర్ 14416. 2022 అక్టోబర్ 10న కేంద్రం మొదలుపెట్టిన ఉచిత సేవ ఇది. రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేసుకోండి. క్లాస్ గ్రూపులో పెట్టండి. మీకు అవసరం లేకపోవచ్చు, గ్రూపులో మౌనంగా చదివేవాళ్లలో ఎవరికో ఉండొచ్చు.

నలుగురైదుగురు కలిసి ప్రిన్సిపల్‌కి ఒక పేజీ వినతిపత్రం ఇవ్వండి. సుప్రీంకోర్టు ఆదేశం తేదీ రాసి, కౌన్సెలర్ వివరాలు నోటీసు బోర్డులో పెట్టమని అడగండి. ఒక్కరే అడిగితే ‘వీడికేదో ఉంది’ అంటారు. క్లాసంతా అడిగితే అది పాలన విషయమవుతుంది.

రూమ్మేట్ రెండు వారాలుగా నిద్రపోకపోయినా, తినకపోయినా, వస్తువులు పంచిపెడుతున్నా, ‘నేను లేకపోతే అందరికీ హాయి’ లాంటి మాటలంటున్నా పక్కన కూర్చుని సూటిగా అడగండి: ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అలా అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఉన్న ఆలోచనకు మాట దొరుకుతుంది. ఔనంటే ఒంటరిగా వదలకండి, రహస్యం దాస్తానని మాటివ్వకండి. 14416కి మీరే కలిపి ఫోన్ చేతికివ్వండి. పరిస్థితి చేయి దాటుతుంటే దగ్గర్లోని ఆస్పత్రికి వెంటబెట్టుకెళ్లండి.

ఈ ఏడాది మీలో కొందరికి ఆఫర్ లెటర్ ఆగస్టులో వస్తుంది, కొందరికి మేలో, కొందరికి ఆ తర్వాతెప్పుడో. ఆ తేదీ మన చేతిలో లేదు. ఆ తేదీ వచ్చేదాకా పక్క బెడ్ మీదున్నవాణ్ని ‘తిన్నావారా?’ అని అడగడం మన చేతిలో ఉంది. ‘కౌన్సెలర్ ఎక్కడ సార్?’ అని కాలేజీని అడగడమూ మన చేతిలోనే ఉంది. రెండూ అడుగుదాం.