పళ్ల మరకకు పిల్లదా తప్పు?

పెళ్లిచూపుల్లో పిల్ల పళ్లు పచ్చగా కనిపిస్తే చాలు, "సరిగ్గా తోముకోదు కాబోలు" అనేస్తాం. కానీ అన్ని మరకలూ బద్ధకం వల్ల వచ్చేవి కావు.

కాఫీ, టీ, కిళ్లీ, చుట్ట, గుట్కాల మరకలు పంటి పైనే ఉంటాయి. గారా అంతే. డెంటిస్టు దగ్గర క్లీనింగ్ చేయించుకుంటే పోతాయి. క్లీనింగ్‌తో పళ్లు వదులవుతాయన్నది ఉత్త అపోహ.

లోపలి మరక సంగతి వేరు. అది ఎనిమిదేళ్లలోపు, చిగుళ్ల కింద పన్ను తయారయ్యేటప్పుడే పడుతుంది. టెట్రాసైక్లిన్ మందులు ఒక కారణం, ఫ్లోరైడ్ నీళ్లు మరో కారణం. గోదావరి కాలువ నీళ్లు తాగే కాకినాడ వాళ్లకు ఈ రెండో బాధ అంతగా తెలియదు. ప్రకాశం, నల్గొండ జిల్లాల ఆడపిల్లల్ని అడిగితే చెబుతారు. ఇప్పటి ప్రకాశం జిల్లా ప్రాంతంలో ఈ జబ్బును 1937లోనే గుర్తించారు. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు మించితే ముందు పళ్లకు, మరీ ఎక్కువైతే ఎముకలకూ ముప్పే. నీళ్లు కాచినా అది పోదు.

ఇటుకపొడి, బొగ్గు, నిమ్మచెక్కతో రుద్దితే ఈ మరక పోదు సరికదా, పైపొర అరిగి పళ్లు జివ్వుమంటాయి. పంటి రంగులో పూత వేయించుకోవచ్చు గానీ, ఆ ఖర్చు అందరూ పెట్టుకోలేరు.

అందుకే పిల్లను వంక పెట్టడం మానేద్దాం. ఊళ్లో బోరు నీళ్లు పరీక్ష చేయించారా అని పంచాయతీని నిలదీద్దాం.